పల్లె అంటే ఎంతమంది? – అమెరికా గ్రామీణ గృహరుణాల చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈసారి 'సొంత ఇల్లు' అంశంగా పెట్టుకున్నామని, చరిత్రకు సంబంధించి ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. సర్వీసులో ఉండగా తీసుకున్న ఇంటి అడ్వాన్సుల గురించి, జి.పి.ఎఫ్. పార్టు ఫైనలు గురించి, సొసైటీ ప్లాట్ల గురించి నాకంటె బాగా వ్రాయగల మిత్రులు చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరపు సంగతి ఎత్తుకుంటున్నాను. అమెరికాలో వ్యవసాయ శాఖ వారి పూచీతో పల్లెటూళ్ళలో ఇళ్ళకిచ్చే అప్పుల కథ అది. మన సభ్యులలో చాలామంది పిల్లలు ఆ దేశంలోనే ఉన్నారు కనుక పూర్తిగా పరాయి విషయమేమీ కాదు. పైగా ఈ కథ అంతా ఒక సరిహద్దు గీత చుట్టూ తిరుగుతుంది. ముప్పై ఆరేళ్ళు సర్వే శాఖలో గొలుసు లాగించి, క్రాస్ స్టాఫ్ నిలబెట్టినవాడిని. గీత కనబడితే అది ఎవరు గీశారు, ఎందుకు గీశారు అని అడగకుండా ఉండలేను.

ముందుగా ఒక తేడా చెప్పాలి. మన దేశంలో ప్రభుత్వం పేదవారికి ఇల్లు కట్టించేటప్పుడు మనిషిని చూస్తుంది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో గాని, 2016లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో గాని మొదట లబ్ధిదారుల జాబితా, తరువాతనే స్థలం, పునాది, గోడలు. అమెరికాలో నేను చెప్పబోయే పథకంలో మనిషితో పాటు ఇంటిని కూడా చూస్తారు. కొనేవాడి ఆదాయం ఒక పరిమితికి లోబడి ఉండాలి; కొనే ఇల్లు 'గ్రామీణ ప్రాంతం'లో ఉండాలి. కట్టించి ఇచ్చేది కాదు. బజారులో అమ్మకానికి ఉన్న ఇళ్ళలో అర్హత గలదానిని మనమే వెతుక్కోవాలి. అంటే ఇల్లు వెతకడమంటే ముందుగా ఆ గీత ఎక్కడున్నదో వెతకడమే.

ఈ గీత ఎలా పుట్టిందో తెలియాలంటే 1930ల నాటి ఆర్థిక మాంద్యం దగ్గరకు వెళ్ళాలి. అంతకు ముందు అమెరికాలో ఇంటి అప్పు అంటే సాధారణంగా ఇంటి విలువలో సగం వరకు, అయిదు పదేళ్ళ గడువు మీద ఇచ్చేవారు. గడువు తీరేసరికి అసలు చాలా భాగం ఒక్కసారే కట్టాలి, లేదా కొత్త కాగితం వ్రాసుకోవాలి. మాంద్యంలో బ్యాంకులు మూతపడ్డాయి, కాగితాలు తిరగవ్రాసేవారు లేక లక్షలాది ఇళ్ళు పోయాయి. 1934లో వచ్చిన జాతీయ గృహ చట్టంతో ప్రభుత్వం బ్యాంకుల అప్పులకు బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. దానితో దీర్ఘకాలిక వాయిదాల పద్ధతి నిలదొక్కుకుంది. కాని ఈ మేలు ఎక్కువగా పట్టణాలకూ వాటి శివార్లకూ దక్కింది. పల్లెల్లో అంతంత పెద్ద గడువులకు అప్పులిచ్చే బ్యాంకులే తక్కువ. పొలంలో విడిగా ఉండే ఇంటికి ధర కట్టేవాడు లేడు, అది రేపు ఎవరు కొంటారన్నది ఎవరికీ తెలియదు. అప్పు తీర్చగలిగిన రైతు ఉన్నాడు, ఇచ్చేవాడు లేడు.

ఇక్కడ మన ఊళ్ళు జ్ఞాపకం వస్తాయి. మన గ్రామకంఠంలోని ఇళ్ళకు తరతరాలుగా సర్వే నంబరుకు సబ్‌డివిజన్ లేదు, చేతిలో హక్కు కాగితం లేదు. ఇల్లు ఉన్నా బ్యాంకు తనఖా పెట్టుకోదు. ఆ లోటు తీర్చడానికే 2020లో కేంద్రం స్వామిత్వ పథకం పెట్టి డ్రోన్లతో ఊళ్ళను కొలిపించడం మొదలుపెట్టింది. అమెరికా పల్లెలో కాగితం ఉంది, బ్యాంకు లేదు. మన పల్లెలో బ్యాంకు వచ్చిన తరువాత కూడా కాగితం లేదు. రెండు చోట్లా ఇల్లు అప్పుకు నోచుకోలేదు.

అధ్యక్షుడు రూజ్వెల్టు 1935లో పునరావాస సంస్థ అని ఒకటి పెట్టి దానికి రెక్స్‌ఫర్డ్ టగ్వెల్ అనే ఆర్థికవేత్తను అధిపతిని చేశాడు. చితికిపోయిన రైతు కుటుంబాలకు చిన్న అప్పులు, కొన్నిచోట్ల కొత్త ఊళ్ళు దాని పని. వలస కూలి తల్లి, ఆమె భుజాల మీద తలలు వాల్చిన పిల్లలు ఉన్న ఒక ఛాయాచిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. డొరోథియా లాంగ్ అనే ఆవిడ 1936లో ఈ సంస్థ ఉద్యోగినిగానే కాలిఫోర్నియాలో దానిని తీసింది. 1937లో ఆ పని రైతు భద్రతా సంస్థ కిందికి వెళ్ళింది. 1946లో అది రద్దయి ఫార్మర్స్ హోం అడ్మినిస్ట్రేషన్ అనే కొత్త సంస్థ వ్యవసాయ శాఖలో ఏర్పడింది. పేరులో 'హోం' ఉన్నా మొదట్లో దాని పని సాగు అప్పులు, భూమి కొనుగోలు అప్పులే.

ఇంటి అప్పు 1949లో వచ్చింది. ఆ ఏడు జులై 15న ట్రూమన్ సంతకం చేసిన గృహ చట్టంలో అయిదవ భాగం పూర్తిగా వ్యవసాయ గృహాల గురించి. అందులోని 502వ సెక్షనే ఈనాటికీ మూలం; సంఖ్య కూడా మారలేదు. 33 ఏళ్ళ వరకు గడువు, వడ్డీ 4 శాతానికి మించరాదు. కాని ఎవరికి? పొలం సొంతదారుకు. పొలం అంటే ఏమిటి? మా శాఖవాడికి ఈ నిర్వచనం చదివితే పండగే. 1944 నాటి విలువ ప్రకారం ఏడాదికి కనీసం 400 డాలర్ల పంట అమ్మకానికో ఇంటి వాడకానికో పండించే, లేదా పండించగల భూమి. విస్తీర్ణం కాదు, నేల తరం కాదు, పంట విలువ! ఇంకొక నిబంధన: దరఖాస్తుదారుకు మరెక్కడా తగిన షరతుల మీద అప్పు పుట్టకూడదు. ప్రభుత్వం బ్యాంకుకు పోటీగా కాక, బ్యాంకు వదిలేసిన చోటనే నిలబడాలన్నది ఉద్దేశం. ఈ నిబంధన ఒకటి జ్ఞాపకం ఉంచుకుంటే తరువాతి మార్పులన్నీ సులువుగా అర్థమవుతాయి.

దరఖాస్తును పరిశీలించేది ప్రతి కౌంటీలోనూ ముగ్గురు సభ్యుల స్థానిక కమిటీ. కౌంటీ అంటే మన తాలూకాకూ జిల్లాకూ మధ్యస్థంగా ఉండే ప్రాంతం. ఊరివారికే ఊరివారి సంగతి తెలుస్తుందన్నది దీని వెనక ఉన్న ఆలోచన. తెలుస్తుంది నిజమే. ఎవరు కష్టజీవో తెలుస్తుంది, ఎవరు ఏ కులమో కూడా తెలుస్తుంది. మన గ్రామాల్లో డి-పట్టాల జాబితాలు తయారవడం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ కులం స్థానంలో రంగు. పౌరహక్కుల కమిషన్ 1965లో వ్యవసాయ శాఖ పథకాల మీద ఇచ్చిన నివేదిక ఈ సంగతి బయటపెట్టింది. దక్షిణ రాష్ట్రాల్లో ఈ సంస్థ నల్లజాతి రైతులకు ఇచ్చిన అప్పులు చిన్నవి. అవీ ఎక్కువగా తిండి ఖర్చుకు, ఆ సాలు సాగుకు. భూమినీ ఆస్తినీ పెంచుకొనే పెద్ద అప్పులు తెల్లవారికి. వ్యవసాయ అప్పుల్లో ఈ వివక్ష మీద నల్లజాతి రైతులు వేసిన వ్యాజ్యం 1999లో గాని రాజీకి రాలేదు. నిబంధన పుస్తకంలో రంగు ప్రసక్తి లేకపోవచ్చు. పుస్తకం తెరిచి చదివేవాడు ఎవరన్నది వేరే మాట.

అసలు మలుపు 1961. అప్పటికి పల్లెల్లో ఉంటూ సేద్యం చేయనివారి సంఖ్య బాగా పెరిగింది. బడిపంతులు, మిల్లు కార్మికుడు, లారీ తోలేవాడు, కొట్టు పెట్టుకున్నవాడు. వీరికి 400 డాలర్ల పంట లేదు కనుక అప్పు లేదు. 1961 గృహ చట్టం ఆ షరతు తీసేసి, గ్రామీణ ప్రాంతంలో ఉండే ఎవరైనా సరే అర్హులేనన్నది. అంతవరకు పొలాన్ని నిర్వచిస్తే సరిపోయేది. ఇప్పుడు 'గ్రామీణ ప్రాంతం' అంటే ఏమిటో చెప్పవలసివచ్చింది. అప్పటికి జనాభా లెక్కలవారు వాడుతున్న 2,500 అనే సంఖ్యను పట్టుకున్నారు. అంతకు లోపు జనం ఉంటే పల్లె.

అక్కడి నుంచి ఆ సంఖ్య మేకపిల్లలా గెంతుకుంటూ పోయింది. 1965లో 5,500. 1970లో 10,000. 1974లో, మహానగర పరిధికి వెలుపల ఉండి ఇంటి అప్పులు దొరకడం కష్టంగా ఉన్న ఊళ్ళకు 20,000. 1990 తరువాత, పూర్వం గ్రామీణంగా ఉండి జనం పెరగడం వల్ల అర్హత పోగొట్టుకోబోయే ఊళ్ళకు 25,000 వరకు మినహాయింపు. 2014 వ్యవసాయ చట్టంలో ఆ మినహాయింపు 35,000 దాకా పెరిగింది. ముప్పై వేల జనాభా ఉన్న ఊరు మన దగ్గర మునిసిపాలిటీ. చైర్మన్, కమిషనర్, పన్నులు, రాజకీయాలు సమస్తం ఉంటాయి. అక్కడ మాత్రం అప్పు కోసం పల్లె. మన జనాభా లెక్కల్లో 1961 నుంచి మూడు షరతులు కలిసి చూస్తున్నారు: 5,000 జనాభా, మగ పనివారిలో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండడం, చదరపు కిలోమీటరుకు సుమారు 400 మంది సాంద్రత. నన్నడిగితే ఊరి స్వభావాన్ని పట్టుకోవడంలో మనదే మెరుగైన కొలత. కాని వారు పట్టుకోవాలనుకున్నది ఊరి స్వభావాన్ని కాదు, బ్యాంకు స్వభావాన్ని. బ్యాంకు ఏ ఊరిదాకా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే వారి లెక్క.

చట్టంలో సంఖ్యతో పాటు రెండు మాటలు ఉన్నాయి. ఆ ఊరు పట్టణంలో భాగం కాకూడదు, పట్టణంతో 'అనుబంధం' కలది కాకూడదు; స్వభావంలో గ్రామీణంగా ఉండాలి. సంఖ్యను లెక్కపెట్టవచ్చు గాని అనుబంధాన్ని గొలుసుతో కొలవలేము. అది అధికారి చూపు మీద ఆధారపడుతుంది. ఆ చూపే చివరకు పటం మీద గీత అవుతుంది.

1960లలోనే జరిగిన ఒక మంచి పని చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కాలిఫోర్నియాలో టులారి కౌంటీలో గోషెన్ అనే చిన్న ఊరుంది. అక్కడి పొలం కూలీల కుటుంబాలను క్వేకర్ల సేవాసంస్థ ఒకటి కూడగట్టింది. వీరి దగ్గర ముందుగా కట్టడానికి డబ్బు లేదు, చేతిలో పని ఉంది. ఆ పనినే పెట్టుబడిగా లెక్కగట్టి 502 సెక్షను కింద అప్పు ఇప్పించారు. 1963లో మూడు కుటుంబాలతో మొదలు. సాయంకాలాలూ సెలవు రోజులూ అందరూ కలిసి అందరి ఇళ్ళూ కడతారు. ఆ గుంపులో అన్ని ఇళ్ళూ పూర్తయ్యేదాకా ఏ ఒక్క కుటుంబమూ గృహప్రవేశం చేయరాదన్నది ఈ పద్ధతిలో కట్టుబాటు. నీ ఇంటి కప్పు పడింది కదా అని పక్కవాడి గోడ వదిలేయడానికి వీలులేదు. 1965లో ఇందుకోసమే అక్కడ సెల్ఫ్ హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ ఏర్పడింది, నేటికీ పని చేస్తున్నది. 1968 చట్టంలో ఈ పద్ధతికి ప్రత్యేకంగా 523వ సెక్షను కేటాయించారు. ఊరంతా కలిసి ఒకరి కప్పు నేయడం మన పల్లెల్లోనూ ఉండేది. దానికి సెక్షను నంబరు మాత్రం ఎవరూ వేయలేదు.

అదే 1968లో మరొక ముఖ్యమైన సదుపాయం వచ్చింది. తక్కువ ఆదాయం గలవారికి వడ్డీలో రాయితీ ఇచ్చి, వారి వాయిదా 1 శాతం వడ్డీ లెక్కకు దిగేదాకా తగ్గించవచ్చునన్నారు. దీనితో 1970లలో ఈ అప్పులు బాగా విస్తరించాయి. మధ్యలో 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం రాయితీ గృహ పథకాలన్నిటినీ ఆపివేసింది; కొంతకాలానికి మళ్ళీ కదిలాయి. మన పెన్షనర్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి: 62 ఏళ్ళు దాటి, బాగా తక్కువ ఆదాయంతో పల్లెలో సొంత ఇంట్లో ఉంటున్నవారికి కప్పు, కరెంటు, మెట్లు వంటి మరమ్మతులకు 504వ సెక్షను కింద తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటు కూడా ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి విషయానికి వస్తాను. ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న పట్టణంలోని ఆసుపత్రిలో మా అల్లుడు ల్యాబ్ టెక్నీషియను. 2018లో మేము భార్యాభర్తలం వెళ్ళేసరికి వారు అద్దె ఇంట్లో ఉన్నారు. ఒక్క జీతం, ఇద్దరు చిన్నపిల్లలు. కొందామంటే బ్యాంకువారు ముందుగా చేతిలోనుంచి పెట్టవలసిన సొమ్ము అడుగుతున్నారు. ఆ సొమ్ము పోగవడం లేదు. అద్దె ఏటా పెరుగుతున్నది. మాకు గుంటూరు శివారులో రెండు వందల గజాల స్థలం ఉంది. రిటైరయినప్పుడు వచ్చిన గ్రాట్యుటీతో కొన్నది. దానిని అమ్మి పంపుదామని నేనూ మా ఆవిడా అనుకున్నాము. అమ్మాయి ఒప్పుకోలేదు. "అది మీ ఇద్దరి మందుల ఖర్చు నాన్నా, దాని జోలికి రావద్దు" అన్నది. అలా ఉండగా ఆసుపత్రిలో తోటి ఉద్యోగి ఒకాయన వ్యవసాయ శాఖ పూచీ అప్పు సంగతి చెప్పాడట. మా అల్లుడు ఆ సాయంత్రం వచ్చి, "మామయ్యగారూ, నేను ల్యాబులో పనిచేసేవాణ్ణి, నాకు వ్యవసాయ శాఖ అప్పిస్తుందంటున్నారు" అని నవ్వాడు. 1961 నాటి మార్పు ఇంకా అతనికి తెలియదు మరి.

ఇక్కడ నేటి పద్ధతి రెండు రకాలని చెప్పాలి. మొదటిది పాతది: ప్రభుత్వమే నేరుగా ఇచ్చే అప్పు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సుమారు 80 శాతానికి లోపు ఉన్నవారికి మాత్రమే. గడువు 33 ఏళ్ళు, మరీ తక్కువ ఆదాయం ఉంటే 38 ఏళ్ళు కూడా. రెండవది 1990 చట్టంతో వచ్చిన పూచీ అప్పు. ఇందులో సొమ్ము బ్యాంకుది. అప్పుదారు ఎగవేస్తే బ్యాంకు నష్టంలో అధిక భాగాన్ని, అసలు అప్పులో 90 శాతానికి మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. మధ్యస్థ ఆదాయానికి 115 శాతం వరకు ఉన్నవారు అర్హులు. ముందుగా కట్టవలసిన సొమ్ము ఏమీ లేదు. 30 ఏళ్ళ గడువు, స్థిరమైన వడ్డీ. ఈ పూచీకి గాను అప్పు మీద 1 శాతం మొదట్లోనూ, మిగిలిన అసలు మీద ఏడాదికి 0.35 శాతం చొప్పునా రుసుము; 2016 అక్టోబరు నుంచి అవే రేట్లు నడుస్తున్నాయి. 1994లో పాత ఫార్మర్స్ హోం సంస్థ రద్దయి, ఈ పనులన్నీ వ్యవసాయ శాఖలోనే గ్రామీణ గృహ సేవా విభాగానికి వచ్చాయి.

మన పిల్లలకు పనికివచ్చే షరతులు కొన్ని. గ్రీన్‌కార్డు ఉన్నవారు దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఈ అప్పు లేదు. కొన్న ఇంట్లో తామే కాపురం ఉండాలి, అద్దెకివ్వడానికి కొనకూడదు. ఆదాయం లెక్క చూసేటప్పుడు అప్పు కాగితం మీద సంతకం చేసేవారిదే కాక ఆ ఇంట్లో ఉండే పెద్దవారందరిదీ కలుపుతారు. అక్కడే స్థిరపడి పిల్లల ఇంట్లో ఉంటున్న తల్లిదండ్రుల రాబడి కూడా అందులోకి వస్తుందన్నమాట. నాలుగు నెలలు మనుమలను చూడడానికి వెళ్ళిన మా వంటివారి పెన్షను రాదు లెండి.

ఇక ఇల్లు. వ్యవసాయ శాఖవారు కంప్యూటరులో ఒక పటం పెట్టారు. ఇంటి చిరునామా కొడితే అది అర్హత గల ప్రాంతంలో ఉందో లేదో చెబుతుంది. రంగు పులిమిన ప్రాంతం అనర్హం, మిగిలినదంతా అర్హం. దేశం మొత్తం మీద చూస్తే విస్తీర్ణంలో చాలా భాగం రంగు లేకుండానే కనబడుతుంది. కాని ఇళ్ళు ఎక్కువగా ఉన్నది రంగులోనే. మా అల్లుడు రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక ఒక్కొక్క చిరునామా కొట్టి చూస్తుంటే నేను పక్కన కూర్చునేవాడిని. ఒకచోట గీత రోడ్డు మధ్యగా పోతుంది, ఒకచోట వాగు వెంట, ఒకచోట ఊరి హద్దు వెంట. మాకు నచ్చిన మొదటి ఇల్లు రోడ్డుకు తూర్పున ఉంది, అనర్హం. ఎదురుగా పడమటి వైపు ఇల్లు అర్హం. రెండూ ఒకే తరహా కట్టడం, రెండింటి ముందూ ఒకటే గడ్డి, ఒకటే చెట్లు. పడమటిది అమ్మకానికి లేదు. "తూర్పు ఇల్లు వాస్తుకు మంచిది కదా నాన్నా" అని అమ్మాయి నిట్టూర్చింది. అదే ఇంటిని మామూలు అప్పుతో కొనాలంటే మా గుంటూరు స్థలం ఎగిరిపోవాలి.

గీతను విమర్శించడం తేలిక. నేను సర్వీసులో పాతించిన రాళ్ళలో ఎన్నింటికి అటూ ఇటూ నిలబడి రైతులు నన్ను తిట్టుకున్నారో నాకు తెలుసు. రాయి ఎక్కడో ఒకచోట పాతక తప్పదు. అయితే రైతు ఆ రాయి మీద అప్పీలు చేసుకోగలడు, తిరిగి కొలిపించుకోగలడు. ఇక్కడ ఇల్లు కొనేవాడికి ఆ అవకాశం లేదు. పటాన్ని జనాభా లెక్కలు వచ్చినప్పుడూ, మధ్యమధ్యనూ సమీక్షిస్తారు. అప్పటిదాకా గీత గీతే. అందుకని తెలిసినవారు ముందు ఇల్లు చూసి తరువాత పటం చూడరు. ముందు పటం చూసి, గీతకు అవతల ఏయే ఊళ్ళు ఉన్నాయో వ్రాసుకొని, ఆ ఊళ్ళలోనే ఇళ్ళు చూస్తారు. మా అల్లుడు కూడా చివరకు అదే చేశాడు. ఆసుపత్రికి ఇరవై అయిదు నిమిషాల దూరంలో మూడు ఊళ్ళు ఎంచుకున్నాడు.

మూడవ ఊరిలో ఇల్లు కుదిరింది. ఊరి అంచున, అర ఎకరం స్థలంలో. కొళాయి లేదు, సొంత బోరు. మురుగుకు సెప్టిక్ ట్యాంకు. పల్లె ఇల్లంటే అక్కడా అంతే. ఈ అప్పుకు ఇంటి విలువ కట్టేటప్పుడే ఇల్లు భద్రంగా, ఆరోగ్యంగా ఉన్నదా అని కూడా చూస్తారు. కప్పు, కరెంటు తీగలు, వేడి యంత్రం, నీళ్ళు, మురుగు అన్నీ. నీళ్ళ పరీక్షలో క్రిములు ఉన్నట్లు వచ్చింది. అమ్మేవారు బోరులో క్లోరిన్ వేయించి, నీళ్ళు తోడించి, మళ్ళీ పరీక్ష చేయించేసరికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మా ఆవిడ రోజూ దేవుడి పటం ముందు ఒక గ్లాసు నీళ్ళు పెట్టి దణ్ణం పెట్టేది. రెండవ పరీక్షలో శుభ్రమని వచ్చింది. 2018 ఆగస్టులో గృహప్రవేశం. పాలు పొంగించడానికి పొయ్యి మీద మంట లేదు, కరెంటు పొయ్యి, అయినా పొంగాయి.

ఇందులో ఆలోచించవలసినది ఒకటుంది. 1949లో ఈ చట్టం ఎవరి కోసం వచ్చిందో వారికి ఈనాడు ఎంత అందుతున్నది? 2010 తరువాతి సంవత్సరాలలో పూచీ అప్పులు ఏడాదికి లక్షకు పైగా నడిచాయి. ప్రభుత్వం నేరుగా ఇచ్చే అప్పులు అదే కాలంలో ఏడాదికి పది వేల లోపే. పూచీ అప్పుకు ఖర్చు చాలా వరకు రుసుముల మీదనే వెళ్ళిపోతుంది కనుక ఖజానాకు పెద్ద భారం లేదు. నేరుగా ఇచ్చేదానికి, వడ్డీ రాయితీకి ఏటా పార్లమెంటు వంటి వారి కాంగ్రెసు డబ్బు కేటాయించాలి. కేటాయింపు అయిపోతే దరఖాస్తు వరుసలో ఉండిపోతుంది. మా అల్లుడి వంటి నెల జీతగాడికి పూచీ చాలు, బ్యాంకు ముందుకు వస్తుంది. గోషెన్ లోని పొలం కూలీకి పూచీ చాలదు. బ్యాంకు పరపతి లెక్కలో అతడు నిలబడడు, 1 శాతం వడ్డీ అయితేనే వాయిదా కట్టగలడు. బ్యాంకు వదిలేసిన చోట ప్రభుత్వం నిలబడాలన్న 1949 నాటి మాటకు మొదటి రకం అప్పే దగ్గరగా ఉంది, అదే సన్నగిల్లింది. మా ఇంటికి మేలు చేసిన పథకం కదా అని ఈ మాట దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

మా అమ్మాయివాళ్ళ ఊరు క్రిందటిసారి నేను వెళ్ళినప్పటికి కొంచెం పెరిగింది. ఊరి బయట కొత్తగా గోదాములు వచ్చాయి, వాటి పక్కన వరుస ఇళ్ళు వేస్తున్నారు. వచ్చే సమీక్షలో ఆ వైపు రంగు పులుముతారేమోనని ఊళ్ళో అనుకుంటున్నారు. ఇప్పటికే తీసుకున్న అప్పుకు దానితో సంబంధం లేదు, వాయిదాలు యథాప్రకారం నడుస్తాయి. పక్కింట్లో మాత్రం డెబ్బై దాటిన దంపతులు ఉన్నారు. ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకు వెళ్ళిపోవాలని వారి ఆలోచన. రంగు పడకముందే అమ్మితే ముందుగా సొమ్ము కట్టలేని కుర్ర కుటుంబాలు కూడా కొనడానికి వస్తాయని, అందుకని ఈ వసంతంలోనే బోర్డు పెడతామని మా అల్లుడితో చెప్పారట.